పది లెక్కపెట్టే లోపు

నా పేరు కోమల. ఆ పేరు పెట్టేటప్పుడు మా నాన్న నన్ను సరిగ్గా చూసి ఉండడని మా వార్డులో అంటారు. నా వెనకాలే అంటారు గానీ, నాకు వినబడేంత దూరంలోనే ఉండి అంటారు. లాల్‌ఖదాన్ దాటాక ఉన్న, ఛత్తీస్‌గఢ్‌లోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డుకి ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఎవరికీ దొరకని నరం నాకు మొదటి పోటుకే దొరుకుతుంది. డాక్టరు డోసు తప్పు రాస్తే ఆ కాగితం తీసుకెళ్ళి డాక్టరు ముందే పెడతాను. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే తీరిక దొరకలేదంటాను. నాకు చేతకాని పని ఒకటుందని కిందటేడు ఎండాకాలం దాకా నాకు తెలియదు.

ఆ ఎండాకాలం మార్చిలోనే మొదలైంది, అమ్మన్నతో.

అమ్మన్న వ్యాగన్లు బాగుచేసే షెడ్డులో ఫిట్టరు. మా వైపు మనిషే. వాళ్ళ తాత పలాస నుంచి వచ్చి ఇక్కడ రైల్వేలో చేరాడట. కాలు విరిగి పధ్నాలుగో నంబరు మంచం మీదకి వచ్చాడు. కేస్ షీటు నేనే నింపాను. 'అలవాట్లు' అన్న గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది, ఎందుకంటే మనిషి దగ్గర వాసన గుప్పుమంటోంది. అయినా 'లేవు' అని రాశాను.

అది మా ఆసుపత్రిలో ఆచారం. రైల్వే వాళ్ళ బిల్లుతో పాటు కేస్ షీటు నకలు వాళ్ళ ఆఫీసుకి వెళ్తుంది. తాగుడు అన్న మాట దాని మీద పడితే ఉద్యోగానికి మచ్చ. అందుకని 'గ్యాస్' అని రాసేవాళ్ళం, 'నీరసం' అని రాసేవాళ్ళం. కొత్తగా చేరిన పిల్లలకి నేనే నేర్పాను. "పాపం, పిల్లలున్నోడే. కాగితం మీద పెట్టకండి" అని. అది దయ అనుకునేవాళ్ళం. రైల్వే ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాని బుద్ధి అది.

మూడో రోజు మధ్యాహ్నం అమ్మన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట. "లైను మీద నుంచి లెగండర్రా, బండొస్తంది!" అని వార్డు దద్దరిల్లేలా అరిచాడు. సెలైన్ సూది పీకేశాడు. విరిగిన కాలితో కిందకి దూకబోయాడు. నలుగురం కలిసి చేతులు మంచానికి కట్టేశాం. "బేవ్‌డా! ఇంకా దిగనట్టుంది" అని తిట్టింది కూడా నేనే, బేవ్‌డా అంటే ఇక్కడ తాగుబోతు. దిగకపోవడం కాదు, పూర్తిగా దిగిపోయింది. ఏళ్ళ తరబడి రోజూ పడే చుక్క మూడు రోజులు పడక ఒళ్ళు తిరగబడింది. ఫిట్స్ మీద ఫిట్స్ వచ్చాయి. సాయంత్రానికి పోయాడు.

అతని భార్య అసిరమ్మ వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. పక్కన కూర్చుని ఏదో ఒకటి అనాలి కదా. "రోజూ తాగుతాడని ముందే చెప్పాల్సిందమ్మా" అన్నాను.

ఆవిడ ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది. "నన్నెవులడిగినారు తల్లీ? అడిగితే సెప్పకపోదునా?" అంది.

నేను లేచి వచ్చేశాను. ఇరవై ఆరేళ్ళలో ఒక పేషెంటు ఇంటి మనిషి ముందు నుంచి అలా లేచి రావడం అదే మొదలు.

ఏప్రిల్లో ఆసుపత్రి వాళ్ళు రాయ్‌పూర్ నుంచి హరిప్రియ అనే నర్సుని పిలిపించారు. వ్యసనాలున్న రోగుల్ని ఎలా చూసుకోవాలో మాకు నేర్పడానికి. వాళ్ళ నాన్నది బొగ్గు గనుల్లో ఉద్యోగమట, పిల్ల కోర్బాలో పెరిగిందట. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. నా సర్వీసుకీ దీని వయసుకీ నాలుగేళ్ళు తేడా, ఇది నాకు నేర్పుతుందా అనుకున్నాను. చేతులు కట్టుకుని మొదటి వరసలోనే కూర్చున్నాను.

"తాగి వచ్చే పేషెంట్లంటే మీలో ఎంతమందికి అసహ్యం?" అని అడిగింది.

ఏడుగురం ఉన్నాం. ఒక్క చెయ్యీ లేవలేదు. నాకు ఒళ్ళు మండింది. చెయ్యెత్తాను. "నాకు. దాచడం ఎందుకు?"

"బాగుందండీ. అయితే మిగతావాళ్ళకి నేర్పాల్సింది మీరే" అంది నవ్వి. తిట్టిందో మెచ్చిందో నాకు అర్థం కాలేదు.

మొదటి పాఠం వింతగా ఉంది. ఒక్కొక్కరం మాకు బాగా అలవాటైనది ఒకటి వారం రోజులు మానెయ్యాలి. రోజూ ఒక నోటుబుక్కులో రాయాలి. మాలో చిన్నది తనూజ. బుధ్వారీ బజారు దగ్గరి రైల్వే క్వార్టర్లో పెరిగిన పిల్ల, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. అది ఫోన్లో వీడియోలు మానేస్తానంది. ఇంకొక ఛత్తీస్‌గఢీ సిస్టర్ గుడాకు మానేస్తానంది. గుడాకు అంటే పళ్ళకి రుద్దుకునే పొగాకు ముద్ద, ఇక్కడి ఆడవాళ్ళకి పొద్దున్నే అది లేకపోతే తెల్లవారదు. నేను టీ మానేస్తానన్నాను. రోజుకి ఆరు గ్లాసులు తాగేదాన్ని. "అదేటి లెక్క, నీళ్ళు తాగి ఉంటాను" అన్నాను ధీమాగా.

రెండో రోజుకి తలనొప్పి. మూడో రోజుకి వార్డులో నా గొంతు తప్ప ఇంకేదీ వినబడలేదట. ఆ మధ్యాహ్నం దుప్పట్ల గదిలో తలుపు వేసుకుని, కాంటీన్ నుంచి కొంగు చాటున తెచ్చుకున్న టీ నిలబడే తాగాను. నాలుక కాలింది. సరిగ్గా అప్పుడే తనూజ దుప్పటి కోసం తలుపు తీసింది.

"ఏటి చూస్తన్నావు? దుప్పట్లు అటుపక్కనున్నాయి" అన్నాను.

"అచ్ఛా దీదీ" అని దుప్పటి తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నోటుబుక్కులో 'తాగలేదు' అని రాశాను, గుండ్రటి అక్షరాలతో.

వారం తర్వాత హరిప్రియ మళ్ళీ వచ్చి మా పుస్తకాలన్నీ తిరగేసింది. "ఏడుగురిలో ఏడుగురూ నెగ్గారే! నేను చూసిన ఏ ఊళ్ళోనూ ఇలా జరగలేదు" అంది. ఎవరూ తలెత్తలేదు. "పోనీలెండి. ఒక టీ కోసం, ఒక ఫోను కోసం ఇంత మంచి మనుషులు అబద్ధం రాశారు. మీ వార్డుకి వచ్చేవాడికి ఉద్యోగం పోతుందన్న భయం, పెళ్ళాం ముందు సిగ్గు. వాడు నిజం ఎలా చెప్తాడు? మనం ఎలా అడిగితే చెప్తాడు? మనకి రావాల్సిన పని అదే."

తనూజ నా వైపు చూడలేదు. అందుకు ఆ పిల్ల మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

ఆ తర్వాత నేను పట్టిన పట్టు చూసి నాకే ముచ్చటేసింది. హరిప్రియ చెప్పింది చెప్పినట్టు నేర్చుకుని, నా పద్ధతిలో నేర్పాను. మొదటి నియమం: వార్డులో 'బేవ్‌డా' అన్న మాట ఎవరి నోటి నుంచి వస్తే ఆ రోజు ఆ రోగి బెడ్‌ప్యాన్ వాళ్ళే తియ్యాలి. మొదటి రోజు నేనే మూడుసార్లు తీశాను. రెండోది: తెర లాగి, ఇంటివాళ్ళని బయట ఉంచి, స్టూలు వేసుకుని రోగి పక్కన కూర్చోవాలి. నిలబడి అడిగితే పోలీసు అడిగినట్టుంటుంది. 'తాగుతావా?' అని అడగకూడదు. 'రోజుకి ఎంత? ఆఖరిసారి ఎప్పుడు?' అని అడగాలి.

"అడిగాక నోరు ముయ్యండి" అని చెప్పేదాన్ని. "మనసులో పది లెక్కపెట్టండి. మీరు మధ్యలో మాట్లాడితే వాడికి పారిపోడానికి దారి దొరుకుతాది. పది అయ్యేలోపు పదిమందిలో తొమ్మిది మంది చెప్పీస్తారు, చూడండి."

ఆఖరిసారి తాగిన టైము షీటు పైన పెద్ద అక్షరాలతో రాయాలి. అక్కడి నుంచి మూడు రోజులు నాలుగు గంటలకొకసారి చేతులు చాపమని వణుకు చూడాలి, చెమట చూడాలి, మాట చూడాలి. గ్లూకోజు ఎక్కించే ముందు విటమిన్ బి-వన్ ఇంజెక్షన్ పడాలి. వణుకు పెరిగితే డాక్టరు కోసం పరిగెత్తాలి, తాళ్ళ కోసం కాదు.

"మరి రైల్వే వాళ్ళ ఆఫీసో, దీదీ?" అని ఒకసారి తనూజ అడిగింది.

"ఆఫీసు సంగతి ఆఫీసు చూసుకుంటాది. ముందు మనిషి ఉండాలి కదే" అన్నాను. వేరే ఎవరి తమ్ముడి ఉద్యోగమో అయితే అలాంటి మాట చాలా గట్టిగా వస్తుంది.

మే నెల సగం గడిచేసరికి అలాంటి రోగులు పదకొండు మంది మా చేతుల మీదుగా బాగై నడిచి ఇంటికి వెళ్ళారు. ఒక్కరినీ కట్టలేదు. ఒక్కరూ పోలేదు. పెద్ద డాక్టరు రౌండ్లో ఆగి "కోమల, ఏం చేస్తున్నావు నువ్వు?" అని అడిగాడు. "అడుగుతున్నాం సార్, అంతే" అన్నాను.

ఇంట్లో మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు.

మా ఇల్లు రాజ్‌కిశోర్ నగర్లో. పైన గదిలో నేను, కింద మా అమ్మ లక్ష్మీనరసమ్మ, తమ్ముడు త్రినాథరావు, వాడి భార్య శ్వేత. మా నాన్న రైలు డ్రైవరుగా సర్వీసులో ఉండగానే పోతే ఆ ఉద్యోగం మీద తమ్ముడు రైల్వేలో చేరి, పరీక్షలు రాసి, గూడ్సు బండి లోకో పైలట్ అయ్యాడు. మొదటిసారి ఒంటరిగా బండి తీసుకెళ్ళిన రోజు అమ్మ వీధి మొత్తానికి జిలేబీ పంచింది. డ్యూటీ ఎక్కే ముందు పైలట్లు లాబీలో, అంటే డ్యూటీ రాసే ఆఫీసులో, సంతకం పెట్టి మిషన్లోకి ఊదాలి, తాగి ఉంటే అది పట్టేస్తుంది. మావాడు ఎప్పుడూ దొరకలేదు. గడియారం చూసి తాగేవాడు, గడియారం చూసి ఆపేవాడు. దాన్ని మేము నిగ్రహం అనుకున్నాం.

శ్వేత మూడేళ్ళలో మూడుసార్లు నా గదికి వచ్చింది. "వదినా, మీరు నర్సు కదా. ఒకసారి ఆయన చేతులు చూడండి. టీ కప్పు పట్టుకోలేకపోతున్నారు" అంది ఆఖరిసారి.

"బండి నడిపినోడికి ఒళ్ళు నెప్పులుండవేటి? డ్యూటీ చేసుకుంటున్నాడు కదా. నువ్వు పెద్దది చెయ్యకు" అన్నాను. అడిగినవాళ్ళకి చెప్పకపోతే ఒక తప్పు. చెప్పడానికి మెట్లెక్కి వచ్చినదాన్ని దింపి పంపేశాను.

మే మూడో వారంలో తమ్ముడు పది రోజులు సెలవు పెట్టాడు. సెలవంటే గడియారం లేదు. అయిదో రోజు ఆదివారం. పొద్దున ఏడింటికి నేను మెట్లు దిగుతుంటే నీళ్ళ డ్రమ్ము వెనక నిలబడి సీసా ఎత్తుతున్నాడు. నన్ను చూశాడు. నేను చూడనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయాను. పదకొండింటికి కూలరులో నీళ్ళు పొయ్యడానికి డాబా అంచుకి ఎక్కి, కాలు జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది.

మా ఆసుపత్రికే తీసుకొచ్చాం. డ్యూటీలో తనూజ ఉంది.

అది నన్ను చూసి తడబడలేదు. సూది మందు ఇచ్చి నొప్పి తగ్గించింది. తెర లాగింది. స్టూలు వేసుకుని వాడి పక్కన కూర్చుంది. శ్వేత తెర బయటే ఆగిపోయింది. అమ్మ మాత్రం మంచం కమ్మీ పట్టుకుని కదల్లేదు.

"అమ్మా, మీరు కొంచెం బయట..." అంది తనూజ.

"నానెందుకెళ్తాను? నా బాబు. ఏటి రాస్తావో రాసుకో. ఏ అలవాటూ నేదు, బంగారం నాటి గుంటడు" అంది అమ్మ.

తనూజ వాదించలేదు. తమ్ముడి వైపు తిరిగింది. "అన్నయ్యా, రోజుకి ఎంత తీసుకుంటారు? ఆఖరిసారి ఎప్పుడు?"

"నేను తీసుకోను. పైలట్ని. రోజూ మిషన్లో ఊదినోడికి ఎలగుంటాది?" అన్నాడు వాడు. తర్వాత నా వైపు చూసి, "అప్పా, నువ్వు చెప్పు" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. వాడు మాటలు నేర్చినప్పుడు అమ్మ కన్నా ముందు ఆ మాట పలికాడని ఇంట్లో చెప్పుకుంటారు.

తనూజ నా వైపు తిరిగింది. "దీదీ, మీరు చెప్పండి. ఆఖరిసారి ఎప్పుడు?"

"వాడు చెప్పాడు కదా" అన్నాను.

అది రాయలేదు. పెన్ను గడి మీద పెట్టుకుని ఊరుకుంది. పెదవులు కొంచెం కదులుతున్నాయి. ఏం చేస్తోందో నాకు తెలుసు. నేర్పింది నేనే. తెలియకుండానే నేనూ దాంతో పాటు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

మూడు దగ్గర అమ్మ గాజులు కమ్మీకి తగిలి చప్పుడైంది. నాలుగు దగ్గర వాడి కళ్ళు చూశాను, నన్ను ఇంజను నుంచి దింపెయ్యకు అని బతిమాలుతున్నాయి. తెర కింద నుంచి శ్వేత పాదాలు కనబడుతున్నాయి, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది, ఎండకి కాలిన పాదాలు. ఆరు దగ్గర అసిరమ్మ గుర్తొచ్చింది. ఈ పిల్ల అడిగింది కదా. నన్ను అడిగింది.

"ఇవాళ పొద్దున ఏడింటికి" అన్నాను. "నేను చూశాను. సెలవు పెట్టిన దగ్గర్నుంచీ పొద్దున్నే మొదలు. అంతకు ముందు డ్యూటీ దిగిన ప్రతిరోజూ. ఎంత, ఎన్నేళ్ళ నుంచి, అవి నాకు సరిగ్గా తెలీవు. తెలిసిన మనిషి బయట నిలబడి ఉంది. శ్వేతా, లోపలికి రా."

"ఓలమ్మో! తోడబుట్టినోడి నోట్లో మట్టి కొట్టీసినావు గదే!" అంది అమ్మ.

తమ్ముడు నెమ్మదిగా, "నువ్వు నాకు అప్పవి కావు. పో" అన్నాడు.

తనూజ షీటు పైన పెద్ద అక్షరాలతో టైము రాసింది. "గ్లూకోజు ముందు బి-వన్ పెడుతున్నాను దీదీ" అంది, రోజూ చెప్పినట్టే. నేను తల ఊపి బయటికి వెళ్ళి, దుప్పట్ల గదిలో తలుపు వేసుకుని ఏడ్చాను. ఆ గది నాకు బాగా అలవాటైపోయింది.

డాక్టరు ఆపరేషను వాయిదా వేశాడు. ఒంట్లోంచి ఇది దిగేదాకా కత్తి పెట్టనన్నాడు. నాలుగు గంటలకొకసారి పిల్లలు వచ్చి చేతులు చూశారు, మందు సరిచేశారు. నేను ఎవరి డ్యూటీలోనూ వేలు పెట్టలేదు, అది నాకు ఎంత కష్టమో దేవుడికి తెలుసు.

మంగళవారం మధ్యాహ్నం, అమ్మన్న లేచి కూర్చున్న వేళకే, మావాడు కుడి చెయ్యి ముందుకి చాపి "హోమ్ సిగ్నల్... పీలా" అన్నాడు. పీలా అంటే పసుపు. మళ్ళీ ఇంకా గట్టిగా, "హోమ్ సిగ్నల్, పీలా!" అన్నాడు. ఎవరూ పలకకపోయేసరికి లేవబోయాడు. మొహం నిండా కంగారు. ఆయా అలవాటుకొద్దీ తాళ్ళ వైపు చూసింది.

"ముట్టుకున్నావంటే చూడు!" అన్నాను.

డ్రైవరు కూతుర్ని, నాకు తెలుసు. సిగ్నల్ కనబడగానే పైలట్ చెయ్యి చాపి పైకి చెప్పాలి. పక్కనున్న అసిస్టెంటు అదే మాట తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పే మనిషి లేకపోతే పైలట్‌కి ఊపిరాడదు. చిన్నప్పుడు మా నాన్న నిద్రలో సిగ్నల్ చెప్తే అమ్మ పక్క మీద నుంచే బదులు చెప్పేది. ఇంజన్లో పైలట్ ఎడమ పక్క, అసిస్టెంటు కుడి పక్క కూర్చుంటారు. నేను వాడి కుడి పక్కన స్టూలు వేసుకున్నాను.

"హోమ్ సిగ్నల్, పీలా" అన్నాను.

వాడి భుజాలు దిగాయి. ఇంకో సిగ్నల్ చెప్పాడు. నేనూ చెప్పాను. తనూజ ఈలోపు డాక్టరుని అడిగి మందు తెచ్చి సూదితో ఎక్కించింది. అలా నాలుగైదు సిగ్నళ్ళు దాటాం. ఇక మందు పనిచేసే వేళయిందని అనిపించి, నేనే ముందు చెయ్యి చాపి "స్టార్టర్, లాల్" అన్నాను. లాల్ అంటే ఎరుపు, బండి ఆగాలి.

"లాల్" అన్నాడు వాడు. బ్రేకు వేసినట్టు చెయ్యి మెల్లగా లాగాడు. "ఆగిందా?"

"ఆగింది బాబూ. పడుకో."

పడుకున్నాడు. తెర పక్కన అమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. నాతో మాట్లాడలేదు గానీ, నా చేతిలో మంచినీళ్ళ సీసా పెట్టి వెళ్ళింది.

సాయంత్రం హరిప్రియకి ఫోన్ చేసి చెప్తే, "రోగి భ్రమలో మనం చేరకూడదండీ. పుస్తకం ఒప్పుకోదు" అంది.

"మీ పుస్తకం రాసినాయన ఎప్పుడూ ఇంజనెక్కలేదు తల్లీ" అన్నాను. చాలాసేపు నవ్వింది.

శుక్రవారం ఆపరేషను అయింది, బాగా అయింది. వాడు తెలివొచ్చాక నన్ను చూసి గోడ వైపు తిరిగాడు. సిగ్నళ్ళు గుర్తులేవు వాడికి. ఆ ఆదివారం మాత్రం గుర్తుంది.

షీటు నకలు ఆఫీసుకి వెళ్ళింది. వైద్య పరీక్షలు పెట్టారు. జూలైలో వాడిని ఇంజను నుంచి దింపి, చేతికర్రతో నడవగలిగాక లాబీలో కుర్చీ ఇచ్చారు. మిగతా పైలట్లు వచ్చి సంతకం పెట్టి మిషన్లో ఊదుతుంటే పుస్తకంలో రాసుకునే పని. ఆ ఉత్తరం వచ్చిన రోజు వాడు అన్నం తినలేదు. నేనూ తినలేదు. ఉత్తరం కింద ఎవరి సంతకమున్నా, ఆ పని చేసింది నేను. మళ్ళీ అడిగినా అదే చెప్తాను. ఆ రెండు మాటలూ ఒకే కడుపులో పెట్టుకుని తిరగడం తేలిక కాదు.

శ్వేత వాడిని ప్రతి వారం తాగుడు మాన్పించే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది. వాడు తిట్టినా తీసుకెళ్ళేది. మొదటి వాన పడిన పొద్దున టీ గ్లాసు పట్టుకుని నా గదికి వచ్చింది.

"మీ మీద కోపం పోలేదు వదినా" అంది.

"పోకూడదు కూడా" అన్నాను.

"బస్, టీ మాత్రం తాగండి. చల్లారిపోతుంది." నేను తాగేదాకా మెట్ల మీదే కూర్చుంది. అప్పటి నుంచి రోజూ వస్తుంది. మూడేళ్ళ మాటలు నెమ్మదిగా చెప్తుంది. నేను మధ్యలో మాట్లాడను.

తమ్ముడి నుంచి మాత్రం ఒక్క మాటా లేదు. ఒకే ఇంట్లో ఉండి, నేను మెట్లు దిగితే కర్ర తీసుకుని లోపలికి వెళ్ళిపోయేవాడు. వార్డులో నన్ను చూసి భయపడే పిల్లలకి తెలియదు, ఇంటికి వెళ్ళాలంటే నేను భయపడేదాన్నని.

ఆగస్టు ఆఖర్లో మంగ్లా వైపు నుంచి కొత్త నర్సులు ఎనిమిది మంది శిక్షణకి వచ్చారు. వాళ్ళకి నేర్పుతుండగా ఒకాయన్ని జ్వరంతో తీసుకొచ్చారు. గూడ్సు పైలట్. మగతగా ఉన్నాడు. పక్కన భార్య, నా వయసే ఉంటుంది, వానకి తడిసిపోయింది. నేను షీటు చేతిలోకి తీసుకోగానే ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. ఇదిగో, కాగితం మీద పెట్టొద్దని బతిమాలుతుంది అనుకున్నాను. ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

"కోమల సిస్టరంటే మీరేనా అండీ? లాబీలో త్రినాథరావు గారు పంపించారు."

"ఏటన్నాడు?"

"మా అప్ప ఉంటాది అక్కడ, ఆవిడ అడుగుతాది, దాచకుండా చెప్పీండి, కాగితం మీద రాయించీండి, రాస్తేనే మనిషి దక్కుతాడు అన్నారు."

నేను పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీశాను. "ఏటన్నాడు? మళ్ళీ చెప్పమ్మా."

"దాచకుండా చెప్పమన్నారు."

"అది కాదు. దానికి ముందు."

ఆవిడకి అర్థం కాలేదు. కొత్త నర్సులు ఎనిమిది మందీ నన్నే చూస్తున్నారు. తనూజకి మాత్రం అర్థమైంది, అది కిటికీ వైపు తిరిగింది.

"మా అప్ప ఉంటాది అక్కడ అన్నారండీ" అంది ఆవిడ.

తెర లాగాను. స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. ఆవిడకీ ఒక స్టూలు వేశాను.

"ఆయన రోజుకి ఎంత తీసుకుంటారమ్మా? ఆఖరిసారి ఎప్పుడు?" అని అడిగి, లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

నాలుగు దగ్గరే ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది.